రెనో కర్మాగారము: జప్తు వేఱు, జయము వేఱు

ఫలితము మంచిదైనంత మాత్రమున దానికి దారితీసిన చర్య న్యాయమగునా? ఫ్రాన్సు దేశమందలి రెనో మోటారు కర్మాగారపు చరిత్ర ఈ ప్రశ్నను నేటికిని మన యెదుట నిలుపుచున్నది. చిన్నకారు విజయమును చూపి జప్తును సమర్థించువారు కొందఱు. జప్తును చూపి ప్రభుత్వ సంస్థ సాధించిన దానిని తృణీకరించువారు కొందఱు. ఈ రెండు వాదములును నిలువవని మా యభిప్రాయము.

మొదట జప్తు సంగతి. జర్మనుల యాక్రమణ కాలమున రెనో కర్మాగారములు శత్రుసైన్యమునకు లారీలు చేసి యిచ్చినవి. యజమాని లూయీ రెనో 1944 సెప్టెంబరులో నిర్బంధింపబడి, విచారణ జరుగక మునుపే అక్టోబరు 24వ తేదీన మరణించెను. 1945 జనవరి 16వ తేదీన డిగాల్ నాయకత్వమందలి తాత్కాలిక ప్రభుత్వము ఆర్డినెన్సు మూలమున సంస్థను జాతీయము చేసినది. లూయీ రెనో వాటాలకు పరిహార మీయలేదు. ఎన్నికైన శాసనసభ యప్పటికి లేదు. ధర్మాసనపు తీర్పును లేదు. అభియోగము సత్యమే కావచ్చును. కాని యభియోగము తీర్పు కాదు. మృతుడు సమాధానము చెప్పుకొనజాలడు. అవి యాగ్రహ దినములనువా రున్నారు. చట్టముయొక్క యవసర మట్టి దినములందే గదా! 2011లో వారసులు దావా తేగా, దానిని విచారించు నధికారము తనకు లేదని 2012లో పారిసు న్యాయస్థానము పలికెను.

ఇక నిర్వహణ. అధిపతిగా నియమింపబడిన పియేర్ లెఫోషో ఇంజనీరు, ప్రతిఘటనోద్యమమున పాల్గొన్నవాడు. ఏ కంపెనీ యే తరగతి బండ్లు చేయవలయునో ప్రభుత్వమే పంచిపెట్టజూచిన కాలమది. ఆక్రమణ దినములలో ఇంజనీర్లు చాటుగా రూపొందించిన చిన్నకారునే విరివిగా చేయింతునని ఆయన పట్టుపట్టెను. వెనుకభాగమున 760 ఘన సెంటీమీటర్ల యంత్రము, నాలుగు తలుపులుగల ఆ '4 సీవీ' 1946 అక్టోబరులో పారిసు ప్రదర్శనమున చూపబడినది. 1947లో ఉత్పత్తి ప్రారంభమైనది. 1961 వఱకు 11 లక్షలకు పైగా తయారైనవి. ఫ్రెంచి కార్లలో పదిలక్షలు దాటినది ఇదియే మొదట. అంతకుముందు మోటారు నెఱుగని కుటుంబములకు అది యందుబాటులోనికి వచ్చినది.

ప్రభుత్వము యజమాని యైనంతనే కార్మికుల కష్టములు తీరలేదు. 1947 ఏప్రిలులో బిల్లాంకూరు కార్ఖానాలో కూలి హెచ్చింపుకై సమ్మె చెలరేగినది; ఆ చిక్కులలోనే మే 5వ తేదీన కమ్యూనిస్టు మంత్రులు మంత్రివర్గమునుండి తొలగింపబడిరి. కాని 1955 సెప్టెంబరు ఒప్పందము కార్మికులకు జీతముతో మూడవ వారము సెలవు నిచ్చినది; మరుసటి యేడు దేశమంతటికిని అది చట్టమైనది.

ఈ విజయమునకు మూలము యజమాని మారుట కాదు. మంత్రుల యాజ్ఞలకై కనిపెట్టుకొనక నిశ్చయించుకొను స్వాతంత్ర్యమును నిర్వాహకుడు నిలుపుకొనుటయే. ఆ స్వాతంత్ర్యమున పొరపాట్లును జరుగును. 1951లో అమ్మకమునకు వచ్చిన పెద్దకారు ఫ్రెగాత్ ఆశించినంత సాగలేదు. అయినను తప్పు దిద్దుకొను వీలు సంస్థకే యుండెను.

1996లో ప్రభుత్వము అధికవాటాను విడిచినది. కాని పాఠము మిగిలియున్నది. ప్రజలకొఱకు ఆస్తిని గైకొనదలచు ప్రభుత్వము శాసనసభ యామోదమును, న్యాయవిచారణను, పరిహారమును తప్పించుకొనరాదు. గైకొన్న పిమ్మట నిర్వాహకుని చేతులు కట్టరాదు. రెనో చరిత్ర మొదటిదానికి హెచ్చరిక, రెండవదానికి నిదర్శనము.