మొఖం కడుక్కోనియ్యని ఫోటో

మా ఇంట్ల బాపు ఫోటోలు రెండే ఉన్నయి. ఒకటి బెల్లంపల్లి బజార్ల స్టూడియోకు పోయి దిగింది. పక్కింటాయన కోటు, మొఖానికి పౌడరు, చేతికి ఎవరిదో గడియారం, పక్కన బిగుసుకొని అవ్వ. రెండోది బాపు దిగింది కాదు, బాపును తీసింది. మొదటి షిఫ్టు అయిపోయి బాయి మీదికి వస్తుంటే, పట్నం నుంచి వచ్చినాయన ఒకడు కెమెరా ఎత్తి కొట్టిండు. బొగ్గు మసిల రెండు కండ్లు, పండ్లు. తర్వాత అది ఒక క్యాలెండరు మీదికెక్కింది. కింద "నల్ల సూర్యుడు" అని అచ్చేసిండ్రు. బాపు పేరు లేదు. మాదిగవాడ నుంచి వచ్చి ఇరవై ఎనిమిదేండ్లు తట్ట మోసి టబ్బులు నింపిన మనిషికి బాయి మస్టర్లనన్న పేరుంది, ఆ కవిత్వంల లేదు. బాపు దాన్ని చూసి ఒక్కటే మాటన్నడు: "మొఖమన్న కడుక్కోనియ్యకపాయె."

ఆ మాటను లండన్ దాకా మోసుకపోయి అక్కడ మరిచిపోయిన. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి మీద చదువుకోను పోయిన. 1916ల బాబాసాహెబ్ చదువుకోను పోయిన ఊరు కదా, మొదటి నెలంతా కాళ్ళు భూమ్మీద ఆనలేదు. కోర్సుల ఫోటోగ్రఫీ ఒక పేపరు. ముక్కూ మొఖం తెలియనోళ్ళను ఇరవై మందిని తీసుకరమ్మన్నరు. అడగొద్దన్నరు. అడిగితే మనిషి సర్దుకుంటడట, సహజత్వం పోతదట. బజార్ల ఉన్న మనిషిని అడగకుండ ఫోటో తీసుడు ఇక్కడ నేరం కాదని కూడ చెప్పిండ్రు. నిజమే, అక్కడి చట్టం అంతే.

లండన్ల భూమి కింద నడిచే రైలును అండర్‌గ్రౌండ్ అంటరు. బాపు దిగేదాన్ని మేమూ అండర్‌గ్రౌండ్ అనే అంటం. ఒకనాడు తెల్లారక ముందే ఆ స్టేషను బయటి మెట్ల మీద ఒక ముసలామె, నల్లజాతి ఆమె, నేల తుడుస్తున్నది. నేను కొట్టిన. చప్పుడుకు తలెత్తి చూసి మోచేత్తో మొఖం తుడుచుకున్నది. అప్పటికే ఆమె నా డబ్బాల పడ్డది. క్లాసుల మస్తు మెచ్చుకున్నరు. శ్రమలోని గౌరవం కనిపిస్తున్నదన్నరు. నాకు క్యాలెండరు యాదికొచ్చింది. పట్నపాయన చేసిన పనే నేనూ చేసిన. ఆయన దొర బిడ్డ కావచ్చు, నేను ఫిల్లరు బిడ్డను. కెమెరా చేతికొస్తే తేడా ఏమున్నది?

సహజత్వం పోతదనేటోళ్ళను అడుగుతున్న. మసి మొఖమే బాపుకు సహజమా? మసి ఎనిమిది గంటలది. మిగతా పదహారు గంటల మనిషి ఎటు పోయిండు? కోటేసుకొని నిలబడ్డ మొఖం అబద్ధమని ఎవడు తీర్పు చెప్పిండు? ఫోటో తీసేటోడు పెండ్లిల సూటేసుకొని దిగితే అది జ్ఞాపకం, మా బాపు కోటేసుకుంటే వేషమా?

ఇది కొత్త జబ్బు కాదు. 1857 తిరుగుబాటును అణిచినంక తెల్లదొరలు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని 1868 నుంచి 1875 దాకా 8 సంపుటాలు అచ్చేసిండ్రు. కులానికో ఫోటో, తెగకో ఫోటో, పక్కన ఆ జాతి గుణమెట్లాంటిదో రాత. ఏలేటోనికి మనిషి అక్కర లేదు, నమూనా కావాలె. మా ఆదిలాబాద్ సంగతే చూడండి. 1940ల కొమురం భీము జోడేఘాట్‌ల నేలకొరిగినంక గోండుల దగ్గరికి హైమన్‌డార్ఫ్ వచ్చిండు. ఆయన గోండుల భూముల కోసం, బడుల కోసం పాటుపడ్డడు, కాదనను. కాని ఆయన తీసిన ఫోటోలు ఇయ్యాల లండన్‌ల సోయాస్‌ల ఉన్నయి. వాళ్ళ మనుమలు తాతను చూసుకోవాల్నంటే ఏ బస్సెక్కాలె?

చట్టం ఎవరి కోసం పుడుతదో కూడ చూడండి. 1898ల బిస్మార్క్ చచ్చిపోతే, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రాత్రిపూట చొరబడి శవాన్ని ఫోటో తీసిండ్రు. జర్మనీ అంతా గగ్గోలు. 1907ల, మనిషి ఒప్పుకోకుండ అతని బొమ్మను బయటపెట్టొద్దని చట్టమొచ్చింది. అంత పెద్దమనిషి శవానికి అవమానమైతే గాని బతికున్నోళ్ళ మొఖానికి హక్కు పుట్టలేదు.

"మరి కారంచేడు (1985), చుండూరు (1991) ఫోటోలు లేకుంటే లోకానికెట్ల తెలిసేది?" అని మన సంఘాలోళ్ళే అడుగుతరు. గొడ్డలి పట్టుకున్నోన్ని అడిగి తియ్యమని నేనంటలేను. లాఠీ ఎత్తినోన్ని అడగకు. కెమెరాను అటు తిప్పు. వద్దనే బలం లేనోన్ని మాత్రం అడుగు, సచ్చినోళ్ళవైతే వాళ్ళ ఇంటోళ్ళను అడుగు. మన పిల్లలు కూడ తక్కువ తినలేదు. లండన్ ఫుట్‌పాత్ మీద పండుకున్నోన్ని తీసి "ఇక్కడ కూడ బిచ్చగాళ్ళున్నరు" అని ఇంటికి వాట్సాప్ పంపుతరు. వాడలకొచ్చి మన గుడిసెల ఫోటోలు తీసుకపోయినోళ్ళ మీద పాటలు కట్టినం గదా, ఆ పాటలు విమానాశ్రయంల వదిలేసి పోతున్నమా?

తర్వాత వారం ఫోటో పట్టుకొని ఆమె దగ్గరికి పోయిన. చూసి నవ్వలేదు. "ఇది నా కొడుక్కు పంపలేను" అన్నది. ఆదివారం చర్చి అయినంక రమ్మన్నది. పోయిన. నీలం గౌను, తలకు పెద్ద టోపీ, చేతిల బైబిలు. బిగుసుకొని నిలబడ్డది, అచ్చం స్టూడియోల అవ్వ లెక్క. రెండు కాపీలు ఆమెకిచ్చిన. పాతదాన్ని ఆమె ముందటనే చెరిపేసి, కొత్తదాని కింద ఆమె చెప్పిన పేరు ఆమె చెప్పిన అక్షరాలతోనే రాసి కాలేజీల ఇచ్చిన. సహజత్వం లేదని మార్కులు కోసిండ్రు.