పార్కు కింద ఊరు

న్యూయార్క్ సెంట్రల్ పార్క్ ఖాళీ నేలపై వెలసింది కాదు. దాని పడమటి అంచున 1825 నుంచి సెనెకా విలేజ్ ఉండేది. అక్కడ నల్లజాతీయులే ఎక్కువ. సొంత ఇళ్లు, మూడు చర్చిలు, బడి ఉండేవి. 250 డాలర్ల ఆస్తి ఉంటేనే నల్లజాతి పురుషుడికి ఓటు దక్కే అప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో సొంత భూమి పౌరసత్వానికి ఆధారంగా ఉండేది. 1857 నాటికి పార్కు కోసం నగరం ఆ ఊరిని ఖాళీ చేయించింది.

భూయజమానులకు పరిహారం ఇచ్చారు కదా, పార్కు నగరానికే ఊపిరైంది కదా అనవచ్చు. పార్కు చేసిన మేలు కాదనలేనిదే. కానీ ఆ సొమ్ము స్థలానికి వెల కట్టింది. చెదిరిన ఇరుగుపొరుగుకు, ఓటు హక్కుకు కట్టలేదు. ఆ ఊరివారు ఆక్రమణదారులన్న ప్రచారాన్ని 2011 తవ్వకాల్లో దొరికిన ఇంటి పునాదులు, పింగాణీ ముక్కలు కొట్టివేశాయి. నగరాలకు పార్కులు కావాల్సిందే. వాటికోసం ఇల్లు వదిలేవారి మాట ముందు వినాలి. వారికి అదే నగరంలో చోటు చూపాలి.