స్టోర్ రూం తాళంచెవి

వార్షికోత్సవం అంటే మనకు షామియానా, మైకు, ముఖ్య అతిథి, శాలువా, మెమెంటో. మాట్లాడేవాళ్లలో కనీసం ఇద్దరైనా మనల్ని కలలు కనమంటారు. కలలతో నాకు పేచీ లేదు. నేను అడిగేది చాలా చిన్నది. మన హాస్టళ్లలో వంటగది పక్కన ఎప్పుడూ తాళం వేసి ఉండే స్టోర్ రూం ఒకటుంటుంది చూశారా, దాని తాళంచెవి వారానికి రెండు గంటలు పిల్లల చేతికివ్వాలి.

ఆ గదిలో ఏముంటుందో మనందరికీ తెలుసు. తిరగని సీలింగ్ ఫ్యాన్లు, కాలిపోయిన చోకులు, బొమ్మ రాని టీవీ, నోరు మూసుకున్న ఇన్వర్టర్, కాలు విరిగిన మంచాలు. అవన్నీ స్టాక్ రిజిస్టర్లో క్షేమంగా బతికే ఉంటాయి, బయట మాత్రం ఎవరికీ పనికిరావు. ఆ గోడకి ఇవతల కూర్చొని పదో తరగతి తమ్ముడు విద్యుత్ మోటారు పటం గీసి భాగాలు గుర్తిస్తుంటాడు. అవతల నిజం మోటార్లు పది దుమ్ము కొట్టుకొని పడి ఉంటాయి. వాడు పరీక్షలో ఆ పటానికి మార్కులన్నీ తెచ్చుకుంటాడు. మోటారులో బ్రష్ ఏ రంగులో ఉంటుందో అడగండి, చెప్పలేడు. అది వాడి తప్పా?

నేను ఈ మాట ఊరికే అనడం లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ రెండేళ్లుగా ఒక బొమ్మ యుద్ధ ట్యాంకుతో కుస్తీ పడుతున్నాను. ఎర్రగడ్డ సండే మార్కెట్లో, పాత టేప్ రికార్డర్ల కుప్ప కింద దొరికింది. చైనాలో తయారయ్యే హెంగ్ లాంగ్ కంపెనీది, నిజం ట్యాంకులో పదహారో వంతు సైజు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టైగర్ ట్యాంకు నమూనా. రిమోట్ లేదు, బ్యాటరీ లేదు, కుడివైపు గేర్ బాక్స్ లేదు, లోపలి సర్క్యూట్ బోర్డు నల్లగా కాలిపోయి ఉంది. 350 రూపాయలకి ఇచ్చాడు. రూంమేట్లు నవ్వారు. మా అమ్మ ఫోన్లో ఒకటే మాట అంది: "బిడ్డా, గా పైసలతోని పండ్లు తినకపోతివా!"

యుద్ధ ట్యాంకే ఎందుకు, మనుషుల్ని చంపే బండి కదా అని ఒక అన్న అడిగాడు. నిజమే. నాకు దాని తుపాకీ మీద మోజు లేదు, దాని గొలుసు పట్టాల మీదే మోజు. అన్నట్టు, ఆ పేరు కూడా విచిత్రమైనదే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఈ బండ్లు తయారుచేస్తున్న సంగతి బయటపడకుండా, ఇవి నీళ్ల ట్యాంకులని పుకారు పుట్టించారు. 1916 సెప్టెంబర్ 15న యుద్ధంలోకి దిగేనాటికి ఆ దొంగపేరే అసలు పేరైంది. నీళ్ల ట్యాంకుకు ఆ మాట గుజరాతీ, మరాఠీల నుంచి ఇంగ్లీషులోకి పోయి ఉండొచ్చని నిఘంటువులు చెబుతాయి. గొలుసు పట్టాల బండ్లు మనకు దూరమేమీ కాదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో మన సైన్యానికి శరథ్ పోరాట వాహనాలు తయారయ్యాయి. అవీ గొలుసు పట్టాల మీద నడిచేవే.

సరే, బొమ్మ దగ్గరికి వద్దాం. కారు మలగాలంటే ముందు చక్రాలు తిరుగుతాయి. ట్యాంకుకి తిరిగే చక్రాలు ఉండవు. ఎడ్లబండిని ఇరుకుగా మలిపేటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? లోపలి ఎద్దును ఆపి, బయటి ఎద్దును నడిపిస్తారు. ట్యాంకూ అంతే. ఎడమ పట్టాకి ఒక మోటారు, కుడి పట్టాకి ఒక మోటారు. కానీ రిమోట్ మీద మన వేలు ఇచ్చేది "ముందుకు", "పక్కకు" అనే రెండు ఆజ్ఞలు. వాటిని "ఎడమ మోటారు", "కుడి మోటారు" అనే రెండు ఆజ్ఞలుగా ఎవరో మార్చాలి. ముందుకును అ అనుకోండి, పక్కకును ఆ అనుకోండి. ఒక మోటారుకి అ+ఆ పోవాలి, ఇంకోదానికి అ–ఆ పోవాలి. ఎనిమిదో తరగతిలో మనం బట్టీ పట్టిన బీజగణితం ఇదే! కాలిపోయిన బోర్డు చేసే పని ఇదేనని తెలిశాక, విరిగిపోయిన బొమ్మ విమానం ఒకదాని రిమోట్, రిసీవర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తోక లేని విమానాల కోసం ఆ రిమోట్‌లో ఈ కూడికా తీసివేతా ముందే పెట్టి ఉంటారు. విమానం బుర్ర ట్యాంకుకి సరిపోయింది.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. లేని గేర్ బాక్స్ కోసం ఇంకో విరిగిన ట్యాంకు కొన్నాను. బిగించి చూస్తే బండి ఎప్పుడూ కుడికే పోతోంది. రిమోట్‌లో ఎడమ మోటారు వేగం తగ్గించాను. సిమెంటు మీద సూటిగా పోయింది, మట్టిలో దిగగానే మళ్లీ పక్కకు తిరిగింది. బరువు పడితే రెండు మోటార్లూ ఒకేలా నెమ్మదించడం లేదు మరి. అప్పుడు మోటారు ఇరుసు మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, చేత్తో తిప్పి లెక్కపెట్టాను. పట్టాని లాగే పళ్ల చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఎడమ మోటారు 38 చుట్లు, కుడి మోటారు 44 చుట్లు తిరుగుతున్నాయి. అంటే కుడి పట్టా దాదాపు 14 శాతం వెనక. ఇది కరెంటుతో సరిచేసే రోగం కాదు, పళ్లతో సరిచేయాల్సింది. కుడి మోటారు మూతికున్న బుల్లి గేరుకు 12 పళ్లున్నాయి. పాడైన బొమ్మ జీపులో పళ్ల సైజు కలిసే గేరు దొరికింది, దానికి 14 పళ్లు. 44ని 12తో గుణించి 14తో భాగించండి. 37.7 వస్తుంది, 38కి దగ్గర. గేరు పెద్దదయ్యేసరికి మోటారును కొంచెం వెనక్కి జరపాలి కాబట్టి స్క్రూ రంధ్రాలను ఆకురాయితో పొడుగు చేశాను. ఆ సాయంత్రం యూనివర్సిటీ హాస్టల్ వెనక మట్టిలో ఆ బండి ఇరవై అడుగులు గీత గీసినట్టు పోయింది. ఎమ్మెస్సీలో మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

మిగతావి త్వరగా చెప్తాను. పట్టా లింకులకు పిన్నులు పోతే సైకిల్ స్పోకు ముక్కలు కోసి పెట్టాను. విరిగిన ప్లాస్టిక్‌కు వంటసోడా చల్లి దాని మీద ఫెవిక్విక్ వేస్తే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. ఖాళీలకు ఎం-సీల్ ఉంది. బ్యాటరీ, ల్యాప్‌టాప్ రిపేర్ షాపులో పారేసిన దాంట్లోంచి బాగున్న రెండు సెల్స్ ఏరుకున్నది. తమ్ముళ్లూ, ఈ ఒక్క పని మాత్రం తెలిసినవాళ్లు పక్కన లేకుండా చేయొద్దు. లిథియం సెల్ తప్పుగా కలిపితే మంట లేస్తుంది. మొత్తం ఖర్చు: ట్యాంకు 350, రెండో ట్యాంకు 200, రిమోట్ 450, మోటార్ల వేగం చూసే రెండు చిన్న బోర్డులు 300, బ్యాటరీ రక్షణ బోర్డు 50, జిగురు సరుకు 60, వైర్లూ సీసం 50. వెరసి 1,460 రూపాయలు. తెలంగాణలో 2024 చివర్లో పెంచాక 8 నుంచి 10 తరగతుల హాస్టల్ విద్యార్థి నెల డైట్ చార్జీ 1,540 రూపాయలు. ఎనభై రూపాయలు మిగిలాయన్నమాట.

కొత్త కిట్టు కొని ఉంటే ఇవేవీ నాకు తెలిసేవి కావు. కిట్టులో ప్రతి ముక్కా పక్క ముక్కకు అతుకుతుంది, పుస్తకం చూసి బిగిస్తే చాలు. ఒకదానికొకటి అతకని ముక్కలు ఎదురైతేనే ఎందుకు అతకడం లేదో కొలవాల్సి వస్తుంది. మన స్టోర్ రూంలో ఉన్నవన్నీ అటువంటివే.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. దాన్ని దాటవేస్తే నేను మీ మనిషిని కాను. "హాస్టల్ పిల్లల చేతిలో మళ్లీ స్క్రూడ్రైవరే పెడతావా? చదువుకొని ఆఫీసర్లు కావాల్సినవాళ్లను మెకానిక్‌లను చేస్తావా?" అని మా నాన్నే అడిగాడు. ఆయన భయం గాలిలోంచి పుట్టింది కాదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం చిన్న పిల్లలకు ఒక పూటే బడి పెట్టి, మిగతా సమయం తండ్రి చేసే పని నేర్చుకోమంది. జనం దానికి కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించారు. 1954లో కామరాజ్ వచ్చాక అది రద్దయింది. రద్దు కావాల్సిందే. మా తాత ఊరి రైతుల బావులకు మోటలు కుట్టేవాడు. ఆరె, రంపె ఆయన ఏరుకున్న పనిముట్లు కావు, పుట్టగానే చేతిలో పెట్టినవి. కుట్టు ఎక్కడ బిగించాలో, తోలు నానితే ఎంత సాగుతుందో ఆయనకు తెలిసినంత ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ తెలివికి ఊరు ఇచ్చిన విలువ కళ్లంలో అడుగు గింజలు.

అందుకే నాన్నకు నేను చెప్పింది ఇది. ఆరోజుల్లో పనిముట్టు ఇచ్చి పుస్తకం లాక్కున్నారు. ఇప్పుడు మనకు పుస్తకం ఇచ్చి పనిముట్టు దాచిపెడుతున్నారు. పెద్ద కార్పొరేట్ స్కూలుకు పోయి చూడండి, ఇదే పనికి "రోబోటిక్స్" అని పేరు పెట్టి ఫీజు వసూలు చేస్తున్నారు. డాక్టరు గారి అబ్బాయి మోటారు విప్పితే సైంటిస్టు అవుతాడంటారు, మనవాడు విప్పితే రిపేర్ షాపు పెట్టుకుంటాడంటారు. రెండింటిలో మోటారు ఒకటే! నాన్న ఒప్పుకున్నాడని చెప్పను. కానీ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు పట్టా చేతిలోకి తీసుకొని, లింకు లింకు వంచి చూసి, "ఇది వదులున్నది, ఒకటి తీసెయ్" అన్నాడు. తీసేశాను. అప్పటినుంచి పట్టా జారిపోలేదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదా అంటే చేస్తోంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల కింద ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఉంది. రాబోయే ఐదేళ్లలో ప్రభుత్వ బళ్లలో మరో 50,000 ల్యాబ్‌లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. సంతోషం. కానీ బడి సాయంత్రం మూసేస్తారు. ఆ తర్వాత సాయంత్రాలూ ఆదివారాలూ మన పిల్లలు గడిపేది హాస్టల్లో. ల్యాబ్ బడిలో ఉంది, తీరిక హాస్టల్లో ఉంది. ఇన్‌స్పైర్ మానక్ కింద ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. మంచి పథకమే, కానీ ఆ డబ్బుతో షాపులో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొని రావడం నేను చూశాను. ఒక ప్రదర్శనలో మెరిసే రెడీమేడ్ నమూనాకు బహుమతి వచ్చింది. మన తమ్ముడొకడు పాత సైకిల్ డైనమోతో చేసుకొచ్చిన దాని దగ్గర జడ్జీలు ఆగనైనా ఆగలేదు. ఇంకోచోట చెడిపోయిన టేబుల్ ఫ్యాన్ విప్పాడని ఒక పిల్లాడిచేత క్షమాపణ పత్రం రాయించారు. ఊరూ పేరూ ఎందుకు గాని, వాడు ఆ తర్వాత దేన్నీ ముట్టుకోలేదు. బాలికల హాస్టళ్లలో చెల్లెళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఫ్యూజు పోతే వాళ్లను ఆ దరిదాపులకు కూడా రానివ్వరు.

వార్డెన్ సార్లను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. రిజిస్టర్లో పది ఫ్యాన్లని ఉంటే ఆడిట్ నాడు పది ఫ్యాన్లు చూపించాలి. తిరుగుతాయా లేదా అన్నది తర్వాతి సంగతి. కాబట్టి పని ముందు కాగితం మీద మొదలవ్వాలి. ఏటా పనికిరానివని తేల్చి రాసేసే సామాను వేలానికి పోయేముందు, అందులో కొంత "విద్యార్థుల అభ్యాసం కొరకు" అని ఒక్క వాక్యం రాసి హాస్టల్లోనే ఉంచేలా పై అధికారులు ఉత్తర్వు ఇవ్వాలి. తూకానికి పోయే పాత ఫ్యాన్ మీద ప్రభుత్వానికి వచ్చేదెంత? పిల్లలకూ షరతులుండాలి. ప్లగ్గు కోసేసిన సామానే విప్పాలి, మెయిన్ కరెంటు జోలికి పోకూడదు, ఒక సార్ గానీ సీనియర్ గానీ దగ్గర ఉండాలి.

ఇక పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. ప్రతి ఏడూ మీరు ముఖ్య అతిథికి శాలువాలు, మెమెంటోలు తెస్తున్నారు. ఈసారి అవి మానేసి ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్, స్క్రూడ్రైవర్ల సెట్టు, పట్టకారు, ఆకురాయి తెండి. కోఠి గుజరాతీ గల్లీలో రెండు వేలలోపు అన్నీ వస్తాయి. మీలో ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు, ఆర్టీసీ డిపోల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు. నెలకో ఆదివారం వచ్చి తమ్ముళ్ల పక్కన కూర్చుంటే అంతకన్నా ఉపన్యాసం అక్కర్లేదు.

ట్యాంకును వార్షికోత్సవం రోజు తెస్తున్నాను, ఇక అది హాస్టల్లోనే ఉంటుంది. తొమ్మిదో తరగతివాళ్లు విప్పుకోవచ్చు. ఎడమ మోటారు బ్రష్‌లు అరిగిపోయాయి, ఇంకెన్నాళ్లో నడవదు. అదే సైజు మోటారు ఎవరింట్లోనైనా పాత బొమ్మలో పడి ఉంటే తెచ్చిపెట్టండి.