పారిస్ చూపించడమంటే

యానాం నుంచి స్నేహితులొస్తే మేమూ మొదట్లో రెండు రోజుల్లో పారిస్ అంతా తిప్పేసేవాళ్ళం. ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, మోంమార్త్ర్ గుట్ట. రాత్రికి కాళ్ళనొప్పులు, ఫోన్ నిండా ఫోటోలు. అది చూపించడం కాదని ఇప్పుడు మా అభిప్రాయం.

రోజుకి ఒక్కచోటు చాలు. నోత్రదామ్ దగ్గర మొదలుపెడతాం. 2019లో కాలిపోయిన ఆ చర్చిని బాగుచేసి 2024లో మళ్ళీ తెరిచారు. లోపలికెళ్ళడానికి టికెట్టు అక్కర్లేదు. తర్వాత సేన్ నది గట్టున కూర్చుంటాం. నీళ్ళు చూడగానే అందరికీ గోదావరి గుర్తొస్తుంది. 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్ళ పాలనలోనే ఉండేది కదా, ఆనాటి ఇంటి కబుర్లు అప్పుడే బయటికొస్తాయి. మా పిల్లలు చెవులప్పగించి వింటారు.

ఐఫిల్ టవర్ ఎప్పుడొచ్చినా ఉంటుంది. ఆ కబుర్లు చెప్పే పెద్దలు ఉండొద్దూ?