వరములిచ్చు మీట

తమ కుమారుడు కంప్యూటరుపై "స్కైరిమ్" అను నాటలో దొంగదారి పట్టినాడనియు, ఈ కపటము వాని నడవడియందును చొరబడునేమో యనియు నొక సోదరి వ్యాకులపడుచు వ్రాసియున్నారు.

2011వ సంవత్సరమున బెథెస్డావారు వెలువరించిన యీ యాటలో వీరుడు కత్తి త్రిప్పినకొలది కత్తివిద్యయు, మంత్రము ప్రయోగించినకొలది మంత్రవిద్యయు వృద్ధిపొందును. మొదట 300 మించి బరువెత్తినచో పరుగెత్తజాలడు. అయితే కీబోర్డుపై 1 అంకెకు ఎడమప్రక్క మీట నొక్కినంతనే యాజ్ఞలు వ్రాయుచోటు తెరచుకొనును. అందు "టి.జి.ఎం." అని వ్రాసినచో వీరునకు చావే లేదు. "ప్లేయర్.సెట్‌ఏవీ క్యారీవెయిట్ 3000" అన్నచో పదింతలు మోయును. హిరణ్యకశిపుడైనను తపస్సు చేసి వరము పొందెను గదా. ఇచట నాపాటి శ్రమయు లేదు!

ఇది కపటమా? ఎదుట నాడువారు లేరు, ఎవరి సొమ్మును పోలేదు; ఆ సదుపాయము నుంచినవారు నిర్మాతలే. బరువు పెంచుకొనుటను నేను తప్పుపట్టను. దొరికిన సామగ్రి మోయలేక మాటిమాటికి అంగడికి తిరుగుట యెవరికైనను విసుగే. చావు లేకుండ చేసికొనుట వేరు: భయము పోయిన పిమ్మట డ్రాగనును పిల్లియు నొక్కటే యగును, పిల్లవాడు ఆ యాటను మూలపడవేయును. పలువురు కలిసి యాడు నాటలలో నిట్టిది చేసెనా, అది యన్యాయమే; అచట గట్టిగా మందలింపుడు.

ఆజ్ఞ వ్రాయకముందే యాటను వేరుగా భద్రపరచుకొమ్మని వానికి చెప్పుడు. "టి.జి.ఎం." మరల వ్రాసినచో తొలగును గాని, మార్చిన సంఖ్యలు భద్రపరచిన యాటలో నట్లే నిలిచిపోవును.