చప్పుడుకు లాగకండి

తెలుగు మేష్టారికి చేపలతో పనేమిటని మీరు అడగవచ్చు. మా ఆవిడ ఇప్పటికే అడిగింది. చేపల బజారు మీదుగా పోవలసివస్తే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే మనిషి, సముద్రాలు దాటివెళ్ళి, డబ్బిచ్చి లైసెన్సు కొనుక్కుని, మూడురోజులు పడవలో కూర్చుని, పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలి వచ్చాడంటే ఇంట్లోవాళ్ళు ఏమనుకోవాలో మీరే చెప్పండి.

సంగతేమిటంటే, మా తమ్ముడు అమెరికాలో మినియాపొలిస్‌లో వుంటున్నాడు. పోయిన వేసవి సెలవుల్లో వాడి దగ్గరకు వెళ్ళాను. "నయాగరా అందరూ చూస్తారన్నయ్యా, నీకు మస్కీని చూపిస్తాను" అని కారెక్కించి, దాదాపు మూడు గంటలు నడిపి, విస్కాన్సిన్ రాష్ట్రంలో హేవర్డ్ అనే వూరికి తీసుకుపోయాడు. ఆ వూళ్ళో 143 అడుగుల చేప బొమ్మ వొకటి వుంది. లోపలినుంచి ఎక్కిపోయి దాని నోట్లో నిలబడి జనం ఫొటోలు తీయించుకుంటారు. ఆ చేపే మస్కీ. 1955లో దానిని తమ రాష్ట్ర మత్స్యంగా చేసుకున్నారు. పూర్తి పేరు మస్కెలంజ్. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వేల మాట ఫ్రెంచివారి నోటబడి, అక్కడినుంచి ఇంగ్లీషువారి నోటబడి ఇలా తయారయింది. మూడు నోళ్ళు తిరిగినా పదం బ్రతికేవుంది గదా అని నాకు కొంచెం సంతోషం వేసింది.

మస్కీ మూరెడు చేప కాదు. నాలుగడుగులు పెరగగలదు. నోటినిండా సూదుల్లాంటి పళ్ళు. దీనికి "పదివేల విసుర్ల చేప" అని మారుపేరు. అన్నిసార్లు గాలం విసిరితే గాని వొకటి చిక్కదని! అందులోనూ మా తమ్ముడికి సరదా నీటిపైన తేలే ఎరతో పట్టడం. జానెడు కొయ్య ఎర. పొట్టకింద మూడేసి కొనల కొక్కేలు. తోక గిరగిర తిరుగుతూ గొళగొళమని చప్పుడు చేస్తుంది. విసిరి, రీలు తిప్పుతూ పడవవైపు లాక్కోవాలి. గాయపడిన పక్షిపిల్లో, ఈదే ఎలుకో అనుకుని మస్కీ అడుగునుంచి లేచి మీదపడుతుంది. ఆ పడడం చూసితీరాలి. ప్రశాంతంగా వున్న నీళ్ళు వొక్కసారి పగిలిపోతాయి. బకెట్టు బోర్లించినట్టు చప్పుడు. మనిషి గుండె ఆగినంత పని అవుతుంది.

మా చిక్కంతా ఆ చప్పుడుతోనే. కాలవగట్టు మీద పెరిగినవాళ్ళం మేమిద్దరం. చిన్నప్పుడు కంది పుల్లకు దారం కట్టి, వానపాము గుచ్చి, బెండు మునగడంతోనే చటుక్కున లాగడం నేర్చినవాళ్ళం. చేతులు ఆ విద్య మరచిపోలేదు. నీళ్ళు పగలడం, నేను కర్రను ఆకాశంలోకి ఎత్తడం వొకేసారి జరిగాయి. చేప లేదు. ఎర మాత్రం నీళ్ళలోనుంచి లేచి, కొక్కేలతో సహా నా మొహం మీదికి వచ్చింది. కళ్ళజోడు కాపాడింది. మొదటిరోజు నాకు రెండుసార్లు, తమ్ముడికి మూడుసార్లు ఇదే వరస.

సాయంత్రం గట్టుకు చేరాక, పడవలు అద్దెకిచ్చే ముసలాయన మా వాలకం చూసి నవ్వాడు. "మీరు చేపనోట్లోనుంచి ఎర లాక్కుంటున్నారు" అన్నాడు. తరవాత ఆయన చెప్పింది, మూడోరోజుకు మాకు అనుభవమైంది, కలిపి వ్రాస్తాను.

చేప వెనకనుంచీ అడుగునుంచీ దూకుతుంది. ఆ దూకుడుకు ముందున్న నీరు ఎగదన్ని, తేలే ఎరను పక్కకు నెట్టేస్తుంది. అందువల్ల చప్పుడైనంతమాత్రాన ఎర నోట్లో పడినట్టు కాదు. ఒకవేళ పడినా, నోరు మూసుకుని పక్కకు తిరిగితేగాని కొక్కెం పట్టు దొరకదు. అంచేత చప్పుడు వినబడితే చెయ్యవలసింది ఏమీ చెయ్యకపోవడం. రీలు అదే వేగంతో తిప్పుతూ వుండాలి. ఆగకూడదు, తొందరపడకూడదు. ఎర వొకే తీరున నడుస్తుంటే గురి తప్పిన చేప మళ్ళీ గురి చూసుకుంటుంది. చేతికి బరువు తెలిశాకనే లాగాలి.

లాగడమైనా పైకి కాదు, పక్కకు. కర్రకొన ముందునుంచీ నీళ్ళకు దగ్గరగా, ఎరవైపు చూస్తూ వుండాలి. దారంలో వొదులు వుండరాదు. బరువు తగలగానే రీలు తిప్పుతూనే నడుంతో సహా తిరిగి, చీపురుతో వాకిలి వూడ్చినట్టు వొక్క ఊపు వూడ్చాలి. ఎనభై పౌన్ల బరువుకు ఆగే, సాగని అల్లిక దారం ఇందుకే. దాని చివర పళ్ళకు తెగకుండా అడుగు పొడవు తీగ. ఇంత చేసినా కొక్కెం మొద్దుగా వుంటే వృథా. బొటనవేలి గోరుమీద ఆనించి కదిలిస్తే జారకుండా నాటుకోవాలి. జారితే ఆకురాయి తియ్యవలసిందే. ఎర పడవదాకా వచ్చినా పని అయిపోలేదు. కర్రకొన నీళ్ళలో ముంచి ఎనిమిది అంకె వ్రాసినట్టు తిప్పాలి. వెంటబడి వచ్చిన చేప అక్కడ పట్టుకోవడం కద్దు.

"చీకట్లో కొత్తవాళ్ళకు బాగా పడతాయి. ఎందుకంటే కంటికి కనబడదు, చేతికి తెలిసేదాకా ఆగక తప్పదు" అన్నాడు ముసలాయన.

మూడోరోజు సాయంత్రం మేము చిప్పెవా ఫ్లోయేజ్ అనే జలాశయంలో వున్నాము. పదిహేనువేల ఎకరాల పైచిలుకు నీరు. 1923లో ఆనకట్ట కట్టినప్పుడు ఒజిబ్వేల వూరూ, వాళ్ళ పెద్దల సమాధులూ దీనికింద మునిగిపోయాయి. వాళ్ళు వొద్దన్నా ఆగలేదు. తమ్ముడు ఆ మాట చెప్పి వూరుకున్నాడు. కాసేపటికి వాడి ఎర వెనకాల నీళ్ళు పగిలాయి. "ఆగరా!" అన్నాను. ఆగాడు. రీలు తిరుగుతూనే వుంది. మళ్ళీ వొక చప్పుడు. ఈసారి కర్ర వంగింది. వాడు పక్కకు వూడ్చాడు. పది నిమిషాల తరవాత పెద్ద వలలో, బంగారు గోధుమరంగు వొంటిమీద చారలతో, మస్కీ. పొడవు 38 అంగుళాలు. అక్కడ చాలాచోట్ల 40కి తక్కువైనదాన్ని వుంచుకోరాదు. 40 దాటినా చాలామంది వుంచుకోరు. పొడవాటి పటకారుతో కొక్కెం తీసి, తోక పట్టుకుని నీళ్ళలో నిలిపితే, శక్తి కూడగట్టుకుని మెల్లగా వెళ్ళిపోయింది.

చేతులు తుడుచుకుంటూ తమ్ముడు "అన్నయ్యా, మన ఇంటి సంగతి..." అన్నాడు.

ఇక్కడ నేను వొక విషయం వొప్పుకోవాలి. నాన్న పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో వాడు టెలిఫోనులో ఈ మాట ఎన్నిసార్లు ఎత్తాడో! ఎత్తినప్పుడల్లా నేను "అమ్మే ప్రసక్తి లేదు" అనేవాణ్ణి. వాడు "సరే" అని పిల్లల చదువులు అడిగి పెట్టేసేవాడు. ఆవేళా అదే మాట నా నాలుకమీదికి వచ్చింది. వొడ్డున ముసలాయన దీపం కనబడుతోంది. నోరు మూసుకున్నాను. చాలాసేపు మూసుకోవలసివచ్చింది.

"పోయినేడు నా వుద్యోగం పోయింది" అన్నాడు వాడు. "ఎనిమిది నెలలు. ఇక్కడి పౌరసత్వం వుంది గనక దేశం వదలవలసిన పని లేకపోయింది. ఇంటి అప్పు కట్టలేక నీతో చెబుదామనుకున్నాను. అమ్మమని కాదు. నా వాటా మీద నువ్వేమైనా సర్దగలవేమోనని. ఇప్పుడు వేరే వుద్యోగం దొరికింది. అవసరం తీరింది. నీకు తెలిసివుంటే బాగుండునని మాత్రం..."

నేను ఏమీ అనలేదు. అనడానికేమీ లేదు. ఎనిమిది నెలలు నా తమ్ముడు రాత్రిళ్ళు నిద్రలేకుండా గడిపితే, నేను వాడి నోట్లోనుంచి మాట లాక్కుంటూ కూర్చున్నాను.

తిరిగివచ్చి కాలేజీలో చేరాను. పిల్లలు సగం ప్రశ్న వేసేసరికి జవాబు చెప్పే అలవాటు నాకు ఇరవై ఏళ్ళనుంచీ వుంది. నా తెలివికి నిదర్శనమనుకునేవాణ్ణి. మొన్న వొక కుర్రాడు "సార్, రేపటినుంచి నేను..." అని ఆగాడు. "సెలవు చీటీ ఏదీ?" అనబోయి వూరుకున్నాను. రీలు తిరుగుతూనే వుంది. వాడు చివరకు చెప్పింది సెలవు సంగతి కాదు. అది వాడి సొంత విషయం గనక ఇక్కడ వ్రాయను.

ఇంటి తాళంచెవి రెండోది చేయించి తమ్ముడికి పంపాను.