ప్రాణమున్న యంత్రాలకు మరణశాసనం

ఢిల్లీలో ప్రతిదానికీ ఒక పదవీకాలం ఉంటుంది. లోక్‌సభకు అయిదేళ్లు, రాజ్యసభ సభ్యునికి ఆరేళ్లు, అధికారి చేతిలోని లాప్‌టాప్‌కు నాలుగేళ్లు. ఈ చివరి మాట చమత్కారానికి అన్నది కాదు. 2023 జూలైలో ఆర్థిక మంత్రిత్వశాఖ వ్యయ విభాగం జారీచేసిన ఉత్తర్వు ప్రకారం, అర్హులైన కేంద్రాధికారులు లక్ష రూపాయల వరకు విలువ చేసే లాప్‌టాప్, టాబ్లెట్, ఫోను వంటి పరికరాన్ని విధి నిర్వహణకై పొందవచ్చు. స్వదేశీ భాగాల పాలు 40 శాతానికి మించితే ఆ పరిమితి లక్షా 30 వేలు. నాలుగేళ్లు నిండిన పిమ్మట అందులోని ప్రభుత్వ సమాచారాన్ని పూర్తిగా తుడిచివేసి, ఆ పరికరాన్ని సదరు అధికారే సొంతానికి అట్టిపెట్టుకోవచ్చు. ప్రజాధనంతో కొన్న యంత్రం నాలుగేళ్లు తిరిగేసరికి ప్రజలకు పనికిరానిది ఎందుకవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ ఉత్తర్వులో లేదు.

ఆ ప్రశ్న నాకు తట్టడానికి కారణం ఒక చిన్న సంఘటన. శ్రీకాకుళం జిల్లాకు చెందిన నా మిత్రుని కుమార్తె ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నది. ఆమె లాప్‌టాప్ ఎనిమిదేళ్ల నాటిది, మేనమామ వాడి ఇచ్చినది. మీట నొక్కిన తరువాత తెర వెలగడానికి టీ కాచుకు తాగేంత సమయం పట్టేది. “షాపులో చూపిస్తే ఇది పారేయవలసినదే, కొత్తది కొనమన్నారు బాబాయ్ గారూ. ఇప్పుడు నాన్నను నలభై వేలు ఎలా అడగను?” అన్నది. ఇద్దరం కలిసి నెహ్రూ ప్లేస్ వెళ్లాము.

ఒకప్పుడు దొంగ సాఫ్ట్‌వేర్ అమ్మకాలకు పేరుమోసిన ఈ కంప్యూటర్ బజారులో, మెట్లకింద గూడులాంటి దుకాణంలో కూర్చున్న ఒక యువకుడు యంత్రాన్ని విప్పి చూశాడు. “దీని రోగం వయస్సు కాదు సాబ్, బరువు. మోయలేని మూట నెత్తిన పెట్టారు” అన్నాడు. పాత హార్డ్ డిస్కు తీసి దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చాడు. ర్యామ్ రెట్టింపు చేశాడు. ఫ్యానులో పేరుకున్న దుమ్ము ఊదాడు. తరువాత ఒక పెన్‌డ్రైవ్ తగిలించి లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని తేలికపాటి రకాన్ని ఎక్కించాడు. దానికి లైసెన్సు రుసుము లేదు. ఎవరైనా ఎన్ని యంత్రాల్లోనైనా చట్టబద్ధంగా ఎక్కించుకోవచ్చు. గంటన్నర గడిచేసరికి ఆ అమ్మాయి అదే యంత్రం మీద తన పరిశోధన పత్రం తెరిచి చదువుకుంటున్నది. అయిన ఖర్చు కొత్తదాని ధరలో ఆరోవంతుకు మించలేదు. పారేయవలసినదన్న తీర్పు యంత్రాన్ని చూసి చెప్పినది కాదని, అమ్మకాన్ని చూసి చెప్పినదని నాకు అక్కడ బోధపడింది.

ఒక విద్యార్థిని కథగా దీన్ని వదిలివేయవచ్చు. కాని ఇదే తీర్పు ప్రపంచ స్థాయిలో కోట్లాది యంత్రాలపై వెలువడింది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు నిలిపివేసింది. దాని తరువాతిదైన విండోస్ 11 నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి; ప్రాసెసర్ కూడా దాదాపుగా 2017 చివర నుంచి వచ్చిన తరాలకు చెందినదై ఉండాలి. ఈ నియమాల మూలంగా సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్ప పాలు కావచ్చునని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది. భద్రత విషయంలో కంపెనీ వాదనను కొట్టిపారేయలేము. సవరణలు అందని యంత్రాన్ని అంతర్జాలానికి తగిలించడం తలుపు గడియ లేని ఇంట్లో నిద్రపోవడం వంటిదే. అయితే గడియ చెడితే గడియ మార్చుకోవాలి గాని ఇల్లు కూలగొట్టుకోనక్కరలేదు. గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు వరకు భద్రతను పొడిగిస్తూ కంపెనీ కొన్ని షరతులు పెట్టింది. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీయగా అక్కడివారికి ఆ షరతులు సడలాయి. మన పార్లమెంటు భవనం నుంచి అటువంటి ఒత్తిడి వచ్చిన జాడ లేదు. అడిగినవారికి ఒక న్యాయం, అడగనివారికి మరొక న్యాయం అన్నది దౌత్యంలోనే కాదు, వ్యాపారంలోనూ చెల్లుబాటవుతున్నది.

నెహ్రూ ప్లేస్ యువకుడు చేసినది ఇంద్రజాలమేమీ కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను లోకానికి విడుదల చేశాడు. ఆ పునాదిపై వేలాదిమంది కట్టిన వ్యవస్థ ఇది. దీని మూలరచన బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు, పంచవచ్చు. హంగులు తగ్గించుకున్న ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ వంటి తెరలతో వచ్చే రకాలు పాత యంత్రంపై తక్కువ భారం వేస్తాయి. తెలుగువారికి ఇది పరాయి విద్య కూడా కాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఏళ్ల తరబడి శ్రమించి తెలుగులో పలకరించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేశారు.

దీనికీ హద్దులున్నాయి; వాటిని దాచడం పాఠకుణ్ని మోసగించడమే అవుతుంది. మరీ పాతవైన 32 బిట్ యంత్రాలను మోయడం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచానికీ కష్టమవుతున్నది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానుకున్నది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత తేలికైనా నేటి వెబ్‌సైట్ల బరువు తగ్గదు. ఉబ్బిన బ్యాటరీకి ఏ సాఫ్ట్‌వేరూ మందు కాదు. పాత యంత్రాలన్నీ బతుకుతాయని నేను అనడం లేదు. బతకగలవాటిని చంపుతున్నామని మాత్రమే అంటున్నాను.

చంపిన తరువాత అవి ఎక్కడికి పోతాయో చూడాలంటే యమున దాటి ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్ వెళ్లాలి. దేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాలను విడదీసే కేంద్రాలలో ఇది మిక్కిలి పెద్దదిగా ప్రసిద్ధి. ఇరుకు సందులలో గోనె సంచుల నిండా కీబోర్డులు, గుట్టలుగా సర్క్యూట్ బోర్డులు, చుట్టలుగా తీగలు కనిపిస్తాయి. సుత్తి, స్క్రూడ్రైవర్, వట్టి చేతులు, ఇవే పనిముట్లు. రాగి కోసం తీగలు కాల్చడం, బంగారం కోసం బోర్డులను ఆమ్లంలో ముంచడం ఢిల్లీ చుట్టుపక్కలనూ, రామగంగ ఒడ్డున మురాదాబాద్‌లోనూ సాగుతున్న సంగతిని పర్యావరణ సంస్థలు పలుమార్లు వెల్లడించాయి. సీసం, కాడ్మియం ఆ మనుషుల ఊపిరిలోకీ, ఆ నేలలోకీ చేరతాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పోగుచేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధిచేసినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. నెహ్రూ ప్లేస్‌కూ సీలంపూర్‌కూ మధ్య దూరం మెట్రోలో గంట ప్రయాణం. యంత్రం విషయంలో అది జీవన్మరణాల మధ్య దూరం.

చట్టం లేదని ఎవరూ అనలేరు. 2011, 2016 నిబంధనల తరువాత 2022లో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు రూపొంది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. తయారీదారు తన సరుకులో నిర్ణీత భాగాన్ని రీసైకిల్ చేయించినట్లు సర్టిఫికెట్లు చూపాలి. 2023-24, 2024-25 సంవత్సరాలకు లక్ష్యం 60 శాతం, తరువాతి రెండేళ్లకు 70, ఆపైన 80. బాగుచేసి తిరిగి వాడుకలోకి తెచ్చేవారికీ ఈ నిబంధనలలో స్థానం ఉన్నది. వారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదు కావాలి. కాని మర్మం ఒకటున్నది. యంత్రాన్ని పగులగొట్టి అందులోని బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము తీస్తే తయారీదారు బాధ్యత తీరుతుంది. అదే యంత్రాన్ని బాగుచేసి మరో నాలుగేళ్లు నడిపిస్తే ఆ బాధ్యత వాయిదా మాత్రమే పడుతుంది. చట్టం టన్నులు తూచగలదు గాని, యంత్రానికి కలిసివచ్చిన ఏళ్లను తూచడం ఇంకా నేర్చుకోలేదు. నెహ్రూ ప్లేస్ మెట్లకింది మెకానిక్కు నమోదు పత్రాల వ్యవహారం అందని చందమామ. ఫలితంగా అందరికంటె ఎక్కువ వ్యర్థాన్ని నివారించే మనిషి లెక్కల్లోనే కనబడడు.

ఇక అసలు దోషి దగ్గరికి వస్తాను. దేశంలో కంప్యూటర్లు కొనేవారిలో ప్రభుత్వానిది పెద్దచేయి. 2021 నుంచి ఏటా అక్టోబరులో కేంద్ర కార్యాలయాలు ప్రత్యేక స్వచ్ఛతా ఉద్యమం జరుపుతున్నాయి. పాత ఫైళ్లతో పాటు పాత యంత్రాలూ వేలానికి పోతాయి. తుక్కు అమ్మకం వల్ల ఇన్ని కోట్లు వచ్చాయని ప్రకటనలు వెలువడతాయి. గదులు ఖాళీ అయినందుకు సంతోషమే. కాని అదే ప్రభుత్వం సేకరించిన యూడైస్ ప్లస్ లెక్కలు చూడండి. 2023-24లో దేశంలో కంప్యూటర్ సౌకర్యమున్న పాఠశాలలు 57.2 శాతం, 2024-25లో 64.7 శాతం. పెరుగుదల మెచ్చదగినదే. అయినా ప్రతి మూడింటిలో ఒక పాఠశాల కంప్యూటర్ ముఖం చూడలేదు. ఒక భవనంలో యంత్రాన్ని తూకానికి అమ్ముతారు. మరొక భవనంలో యంత్రాల కొనుగోలుకు టెండర్లు పిలుస్తారు. రెండు భవనాల మధ్య ఒక్క ఉత్తరం నడవదు.

విధానం లేక కాదు ఈ దుస్థితి. ప్రభుత్వ వ్యవస్థలలో బహిరంగ మూలరచన గల సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని 2015లోనే కేంద్రం విధాన ప్రకటన చేసింది. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ 2007 నుంచి ఉన్నది. 2023లో రక్షణ మంత్రిత్వశాఖ అంతర్జాలంతో ముడిపడిన తన కంప్యూటర్లలో ఉబుంటు ఆధారంగా తయారైన మాయా అనే వ్యవస్థను ప్రవేశపెట్టే పని చేపట్టింది. దేశ రక్షణకు తగిన పునాది పల్లెటూరి బడికి తగదని ఎవరంటారు?

తగునని కేరళ ఏనాడో నిరూపించింది. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరిట మొదలైన కార్యక్రమం ఆ దశాబ్దంలోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లింది. నేడు కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు ఆధారంగా తానే పాఠశాలల వ్యవస్థను తయారుచేసి ఇస్తున్నది. కేరళ విజయ రహస్యం సాఫ్ట్‌వేర్‌లో కాదు, ఉపాధ్యాయుల శిక్షణలో ఉన్నది. ఇది మన రెండు తెలుగు రాష్ట్రాలు గుర్తించవలసిన విషయం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షల పైచిలుకు టాబ్‌లు పంచింది. ఢిల్లీ అధికారి లాప్‌టాప్‌కు పెట్టిన గడువుతో లెక్కిస్తే వాటికి 2026 డిసెంబరుతో కాలం చెల్లుతుంది. ఆ తరువాత వాటి గతి ఏమిటన్న దానిపై ఇచ్చిన పార్టీకీ, తరువాత వచ్చిన పార్టీకీ పట్టింపు ఉండాలి. పంచడంలో ఉన్న ఉత్సాహం పోషణలో ఉండకపోవడం మన రాజకీయాల పాత జబ్బు.

పేదవాడికి పాత వస్తువా అని కొందరు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణలో ఆత్మగౌరవం ఉన్నది, దాన్ని గౌరవిస్తాను. పనిచేయని యంత్రాన్ని బడికి తోసివేసి దానమని చెప్పుకోవడం సీలంపూర్ గుట్టను బడి బీరువాలోకి మార్చడమే. కాని పరీక్షించి, డిస్కు మార్చి, తెలుగు ఎక్కించి, ఏడాదిపాటు మరమ్మతుకు పూచీపడి ఇచ్చిన యంత్రం భిక్ష కాదు. ప్రజాధనం తిరిగి ప్రజల చేతికి రావడం. సమాచార భద్రత అడ్డు వస్తుందని అధికారులంటే, అధికారి ఇంటికి పోయే లాప్‌టాప్‌లోని సమాచారాన్ని తుడిచివేయగల ప్రభుత్వం బడికి పోయే లాప్‌టాప్‌లోని సమాచారాన్ని తుడవలేదా అని అడగవలసి ఉంటుంది.

చేయవలసిన పని కొండలు పిండి చేయడమేమీ కాదు. బాగుపడే యంత్రాన్ని తుక్కుగా వేలం వేయరాదని సాధారణ ఆర్థిక నిబంధనలలో ఒక్క వాక్యం చేర్చాలి. చిన్న మెకానిక్కులు సహకార సంఘంగా నమోదయ్యే సులభమార్గం తెరవాలి. సీలంపూర్ కుర్రవాడు సుత్తి వదలి స్క్రూడ్రైవర్‌తోనే బతకగలగాలి. యంత్రానికి ఆయుష్షు పెంచినందుకు చట్టం వాయిదా కాక ప్రతిఫలం చూపాలి. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ ప్రారంభించింది. పోర్టల్ పుట్టింది గాని హక్కు ఇంకా చట్టమై పుట్టలేదు. మన తెలుగు ఎంపీలు ప్రాజెక్టుల గురించి, ప్యాకేజీల గురించి అడగడం సబబే. ఒక్క ప్రశ్నోత్తరాల సమయంలో దీన్నీ అడగవచ్చు: గత అయిదేళ్లలో కేంద్రం ఎన్ని లాప్‌టాప్‌లను తూకానికి అమ్మింది, ఎన్నింటిని బడికి పంపింది?

మొన్న ఆ విద్యార్థిని ఫోను చేసింది. యంత్రం చక్కగా నడుస్తున్నదట. హాస్టల్‌లో మరో ముగ్గురు తమ పాత లాప్‌టాప్‌లు పట్టుకుని నెహ్రూ ప్లేస్ దారి అడిగారట. ఈ మహానగరంలో విధానం అంటూ నడుస్తున్నది ప్రస్తుతానికి అదొక్కటే.